డబ్బా రొట్టె

మూడు నెలల సరాసరి తొమ్మిదీ పాయింట్ రెండు.
డాక్టరమ్మ ఆ అంకె చుట్టూ పెన్నుతో సున్న చుట్టి
"స్వీటు మానెయ్యండి" అంది, తల ఎత్తకుండా.
వేలు చాపమన్నప్పుడు మాత్రం నవ్వొచ్చింది నాకు.
ముప్ఫై ఏళ్లుగా ఈ వేలిని
సూదులకు ఊరికే ఇచ్చినదాన్ని,
ఇప్పుడు ఒక్కో బొట్టుకీ ఇరవై రూపాయల స్ట్రిప్పు!

హలసూరు బజారు వీధిలో మేడ మీద
ముందు గదిలో కుట్టు మిషను, వెనక గదిలో నేను,
కింద అయ్యంగార్ బేకరీ.
సాయంత్రం నాలుక్కి వాళ్లు ఓవెను తలుపు తెరిస్తే
దిల్‌పసంద్ వాసన మెట్లెక్కి వచ్చి
నా మిషను మీద మోచేతులానించి కూర్చుంటుంది.
పోవే అంటే పోదు.

అందుకే కొన్నాను ఆ డబ్బా.
ఆరువందల నలభై,
లైనింగేసిన జాకెట్టు ఒకటి కుట్టిన కూలి.
చక్కెర లేదు, గోధుమ లేదు, మైదా లేదు.
ఏముందో చిన్నక్షరాల్లో, ఏం లేదో పెద్దక్షరాల్లో.
కళ్లద్దాలు పెట్టుకుని చదివితే
బాదం పిండి, ఇసబ్గోలు పొట్టు,
నోరు తిరగని పేరున్న తెల్లటి పొడి.

పై అంతస్తు జసింత
క్రిస్మస్‌కి తప్ప అటక దిగని ఓవెన్ని
చంకన పెట్టుకుని తెచ్చింది.

మొదటిది నడుమ గుంటపడింది,
చంక దగ్గర కొలత తప్పిన జాకెట్టులా.
రెండోది అచ్చం బక్రం.
మునిలక్ష్మి దాన్ని కత్తిరించే బల్లకేసి కొడితే
టక్కుమంది.
కాజాలు కుట్టడం ఆపి ఇద్దరం
కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వాం.

రాత్రి ఒక్కదాన్నే ఒక ముక్క నోట్లో వేసుకున్నా.
తీపి వచ్చింది. చల్లగా వచ్చింది,
పొద్దున్నే కత్తెర వీపు
చెంపకు తగిలినట్టు.
బెల్లానికి ఒక వెచ్చదనం ఉండేదని
అది లేనప్పుడే తెలిసింది.
కొంచెం ఏడ్చాను కూడా.
కేకు కోసం కాదు.
కాదేమిటి, కేకు కోసమే.

మూడో డబ్బాకి
చెప్పిన మాట వినడం మానేశాను.
ఈ పిండికి సాగుడు లేదు,
అంచులు పీచుపోయే గుడ్డ ఇది,
లాగితే ఊరుకోదు.
కలిపి, మూతపెట్టి, పావుగంట వదిలేశాను,
కొత్త గుడ్డ నీళ్లలో తడిసి ఆరి
తన కొలతకు తాను కుదించుకునేదాకా
కత్తెర పెట్టనట్టు.
"గడియారం చూడకు, నడుమ వేలితో తట్టు," అంది జసింత.
తట్టాను.
కుట్టుకు కుట్టు కూర్చున్నప్పుడు
గుడ్డ ఎలా తిరిగి పలుకుతుందో
అలా పలికింది.

జసింత రెండు ముక్కలు తిని
కాసేపు ఆలోచించి అంది:
"బాగానే ఉంది గానీ, దీన్ని కేకనకు."

నిజమే.
పాలిస్టరు తెచ్చి పట్టు అన్నవాళ్లతోనే
నాకెప్పుడూ తగాదా.
పాలిస్టరు అనే తెస్తే
దానికీ ఒద్దికైన కుట్టు ఒకటుంటుంది,
వానలో అదే ముందు ఆరుతుంది.
"డబ్బా రొట్టె అందామక్కా," అంది మునిలక్ష్మి,
చేతిలో మూడో ముక్కతో.

రెండు గంటలాగి వేలు గుచ్చుకున్నా.
నూట నలభై ఒకటి.
కాగితం దొరక్క సుద్దముక్కతో
గోడ మీద రాసిపెట్టా,
ఛాతీ ముప్ఫై ఆరు, చెయ్యి తొమ్మిది,
మెడ లోతు ఏడు, వాటి పక్కన.

మర్నాడు గోడ తుడవబోయి
గుడ్డ పట్టుకుని ఆగింది పిల్ల.
"ఈ నూట నలభై ఒకటి ఎవరి కొలతక్కా?"

నాదే, ఉండనీ అన్నాను.
నాలుగు కొట్టింది.
కింద ఓవెను తలుపు తెరుచుకుంది.